కోత అన్నారు

పదకొండున్నర అయింది. ఆయన ఎప్పుడో నిద్రపోయారు. నేనూ పడుకున్నాను గానీ, సాయంత్రం వార్తల్లో విన్న ఒక్క మాట చెవి దగ్గర దోమలా తిరుగుతూనే ఉంది. లేచి వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. రాసేస్తే వదులుతుందేమో.

ఆ మాట ‘కోత’. అమెరికాలో పేదలకు ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా మెడికెయిడ్‌కు పదేళ్లలో 90 వేల కోట్ల డాలర్ల పైచిలుకు కోత పడుతోందని చదివారు. వెనక ఒక ఆసుపత్రి మంచం చూపించారు. ఆ వెంటనే వాతావరణ సూచన. ఎంత ఉన్నదాన్ని ఎంతకు కోశారో ఒక్క ముక్క లేదు. నిరుడు ఎంత ఇచ్చారు, ఈ ఏడు ఎంత ఇస్తున్నారు, పదో ఏట ఎంత ఇస్తారు? ఈ మూడు అంకెలు చెప్పడానికి అర నిమిషం చాలు. మంచం చూపించడానికి అంతకన్నా ఎక్కువ సమయమే తీసుకున్నారు.

నిజానికి మెడికెయిడ్ మీద ప్రభుత్వం పెట్టే ఖర్చు ఈ పదేళ్లలోనూ పెరుగుతుంది. ముందు అనుకున్నంత వేగంగా పెరగదు, అంతే. మా ఊళ్లో కోత అంటే పైరు నేల మీద పడాలి. పైరు నిలబడే ఉండి, నిరుటికన్నా జానెడు ఎత్తు పెరిగి ఉంటే దాన్ని ఎవరూ కోత అనరు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. 1974లో చేసిన బడ్జెట్ చట్టంతో, ఇక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు లెక్కలు వేసి ఇచ్చే కాంగ్రెషనల్ బడ్జెట్ ఆఫీస్ వచ్చింది. ఇప్పుడున్న చట్టాలు ఇలాగే సాగితే రాబోయే పదేళ్లలో రాబడి ఎంత, ఖర్చు ఎంత అని వాళ్లు ఒక గీత గీస్తారు. దాన్నే బేస్‌లైన్ అంటారు. ఏటేటా కాంగ్రెస్ మంజూరు చేసే పద్దులకైతే ధరల పెరుగుదలను కూడా ముందే కలిపి గీస్తారు. గీత పైకి వెళుతూ ఉంటుంది కనుక, దానికి కింద ఎక్కడ ఆగినా అది కోత కిందే లెక్క. 1995లో రిపబ్లికన్ నాయకుడు న్యూట్ గింగ్రిచ్ వర్గం, వృద్ధుల ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్‌లో ఒక్కొక్కరి మీద పెట్టే ఖర్చు ఏడేళ్లలో 4,800 డాలర్ల నుంచి 6,700 డాలర్లకు పెరిగేలా ప్రతిపాదన పెట్టింది. అది కూడా ‘కోత’గానే ప్రచారమైంది. అప్పటికి మేమింకా ఈ దేశానికి రాలేదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ అంకెలు చూసిన రోజే నేను ఏ పక్షమో నాకు తెలిసింది.

అమ్మాయి రాత్రి ఎనిమిదికి ఫోను చేసింది. ల్యాబ్ పరీక్ష బాగా రాసిందట. సంతోషం. గోంగూర ఇంకా ఉందా అని అడిగింది, ఉందన్నాను. అక్కడితో ఆగవలసింది. నోరు ఊరుకోక ఈ కోత సంగతి ఎత్తాను. “అమ్మా, మొత్తం పెరిగితే ఏమిటి? జనాభా పెరుగుతుంది, ముసలివాళ్లు పెరుగుతారు, వైద్యం ఖరీదు పెరుగుతుంది. బీమా కార్డు పోయినవాడికి మొత్తం పెరిగిందని చెబితే ఏం ఒరుగుతుంది?” అంది. ఈ కోత తెచ్చిన 2025 నాటి కొత్త చట్టం వల్ల 2034 నాటికి కోటి మందికి బీమా ఉండదని నేను చెప్పే ఆ ఆఫీసే చెప్పింది కదా అని కూడా అంది. చెప్పింది నిజమే. నా దగ్గర సమాధానం లేక కాదు. పని చేయగలిగినవాళ్లు పని చేయాలన్న నిబంధనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను, ఆ మాట దానికి తెలుసు. కానీ ఆ “కార్డు పోయినవాడు” అన్న మాట దగ్గర నేను కాస్త తగ్గాను. గొంతు తగ్గినట్టు దానికీ తెలిసింది, పాపం, మాట మార్చి పాదం నొప్పి ఎలా ఉందని అడిగింది.

ఫోను పెట్టేశాక నాన్నగారి చిన్న పుస్తకం తీశాను. నల్ల అట్టది.

2008 అక్టోబరు. అప్పుడు మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్నాం. నాన్నగారు ఆ ఒక్కసారే వచ్చారు. ఇక్కడ చూడదగినవన్నీ చూపించాలని మా ఆయన తాపత్రయం. నాన్నగారికేమో స్వాతంత్ర్య దేవత మీద కన్నా రైళ్ల వేళల మీద ఆసక్తి ఎక్కువ. న్యూయార్క్‌లో సిక్స్త్ అవెన్యూ మీద నడుస్తూ 44వ వీధి దగ్గరికి వచ్చాం. అక్కడ గోడ మీద అంకెల పలక. అమెరికా జాతీయ అప్పు గడియారం. సేమూర్ డర్స్ట్ అనే స్థిరాస్తి వ్యాపారి 1989లో సొంత డబ్బుతో మొదటిదాన్ని పెట్టించాడు, అప్పటికి అప్పు మూడు ట్రిలియన్లకు లోపే. మేము వెళ్లే ముందే, సెప్టెంబరు ఆఖరున, అప్పు పది ట్రిలియన్లు దాటింది. పలక మీద అంకెలు చాలక డాలర్ గుర్తు ఉండే గడిలో ఒకటి అంకె పెట్టారు.

నాన్నగారు మఫ్లర్ సర్దుకుని అక్కడే నిలబడిపోయారు. ట్రిలియన్ అంటే ఎంత అని అడిగారు. లక్ష కోట్లు అన్నాను. “అంటే పది లక్షల కోట్లు” అని మెల్లగా అన్నారు. జేబులోంచి పుస్తకం తీసి అంకెలు ఎక్కించడం మొదలుపెట్టారు. సహకార బ్యాంకులో ముప్పై ఏళ్లు చిట్టా, ఆవర్జా రాసిన చేయి. ఎడమ నుంచి ఏడు అంకెలు రాసేసరికి కుడి పక్కవి చూపుకు అందకుండా పరుగెడుతున్నాయి. అంకె నిలవని పద్దును ఆయన తన జీవితంలో చూడలేదు. మళ్లీ మొదటి నుంచి రాశారు. మళ్లీ అంతే. జనం మమ్మల్ని తప్పించుకుంటూ పోతున్నారు. చలిగాలి. మా ఆయన నా వైపు చూసి, వెళదామా అని సైగ చేశారు, నేను కాసేపు ఆగమన్నాను.

కింద వరుసలో ‘మీ కుటుంబం వాటా’ అని ఉంటుంది. ఆ రోజు దాదాపు 86 వేల డాలర్లు. “ఇందులో నీ వాటా కూడా ఉందా?” అన్నారు. మేమింకా పౌరులం కాదు నాన్నగారూ అన్నాను. “పన్ను కడుతున్నావుగా” అన్నారు. తర్వాత అడిగిన ప్రశ్న ఇప్పటికీ మర్చిపోలేను. “అసలు ఎప్పుడు తీరుస్తారు?”

అసలు తీర్చరని, గడువు తీరిన బాండ్లకు కొత్త బాండ్లు అమ్మి ఆ సొమ్ముతో పాతవాళ్లకు చెల్లిస్తారని, లోటు ఉన్న ఏట వడ్డీకి కూడా అప్పే చేస్తారని చెప్పాను. చెబుతున్నప్పుడు అది నాకు మామూలు విషయమే. ఆయన పుస్తకం మూసి, “అంటే నోటు తిరగరాస్తున్నారన్నమాట” అన్నారు.

మా వైపు ప్రోనోటు మూడేళ్లకు చెల్లకుండా పోతుంది. గడువు దగ్గర పడితే వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. రెండుసార్లు తిరగరాసిన నోటు ఇంట్లో ఉంటే ఆ ఇంటి పొలం మీద ఆశ వదులుకోవచ్చని నాన్నగారు అనేవారు. అలాంటి ఇళ్లను ఆయన ఎన్నింటినో దగ్గర నుంచి చూశారు.

ఆ వారాలు ఎలాంటివో గుర్తుందా? లీమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు కూలింది సెప్టెంబరు 15న. బ్యాంకులను 70 వేల కోట్ల డాలర్లతో ఆదుకునే బిల్లును 29న ప్రతినిధుల సభ ఓడించింది, ఆ ఒక్క రోజే షేర్ల ధరల డౌ సూచీ 777 పాయింట్లు పడింది. అక్టోబరు 3న అదే సభ ఆమోదించింది. నాన్నగారికి రోజూ రాత్రి భోజనాల దగ్గర చెప్పేదాన్ని. లాభం వస్తే వాళ్లది, నష్టం వస్తే ఊరిదా అనేవారు. బ్యాంకులకు ఇచ్చిన సొమ్ము తర్వాత లాభంతోనే తిరిగి వచ్చిందని నేను ఆయనకు చెప్పే అవకాశం రాలేదు. అయినా ఆయన ప్రశ్న తప్పు కాదనే అనుకుంటాను.

ఇక్కడిదాకా రాసి ఆగిపోయాను. ఎందుకంటే ఆ బిల్లు మీద సంతకం చేసినది మా పార్టీ అధ్యక్షుడు జార్జ్ బుష్. ఆయన వచ్చేనాటికి అప్పు 5.7 లక్షల కోట్లు, దిగేనాటికి 10.6 లక్షల కోట్లు. అంతకు ముందు 1998 నుంచి 2001 దాకా వరుసగా నాలుగు బడ్జెట్లలో మిగులు ఉంది. 2000లో ఆ గడియారాన్ని ఆపేశారు కూడా, రెండేళ్లకు మళ్లీ తిప్పారు. ఆ మిగులుకు క్లింటన్ అధ్యక్షుడు, కాంగ్రెస్ మావాళ్లది, అంటే రిపబ్లికన్లది. ఇద్దరూ ఒకరినొకరు కదలనివ్వనప్పుడే డబ్బు మిగిలింది. మావాళ్లకే అన్నీ చిక్కిన ఏళ్లలో మిగల్లేదు. ఈ మాట రాయడం నాకు కష్టంగా ఉంది.

ఇంకా కష్టమైనది ఒకటి ఉంది. కోత అన్న మాటకు సాయంత్రం నుంచి మండిపడుతున్నాను కదా, ఆ గీతల ఆట 2025 వేసవిలో మావాళ్లే ఆడారు. 2017 నాటి పన్ను తగ్గింపుల్లో చాలావాటికి ఆ ఏడాది చివర గడువు తీరవలసి ఉంది. చట్టం ప్రకారం అయితే వాటిని పొడిగించడం కొత్త ఖర్చు. సెనేట్‌లో మావాళ్లు ‘ఎలాగూ ఉన్నవే కదా’ అని గీతనే జరిపారు. అప్పుడు పొడిగింపు ఖర్చు సున్నా. బిల్లు ఒకటే, ఈ మెడికెయిడ్ కోత ఉన్న బిల్లే. పాత గీత మీద పదేళ్లలో 3.3 లక్షల కోట్ల డాలర్ల అదనపు లోటు, కొత్త గీత మీద 50 వేల కోట్ల ఆదా. బడ్జెట్ ఆఫీస్ రెండు లెక్కలూ ఇచ్చింది. నేను రోజూ చూసే ఛానెల్ ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూపిన రాత్రి నాకు గుర్తు లేదు. మావాళ్లలో కెంటకీ సెనేటర్ రాండ్ పాల్ వ్యతిరేకంగా ఓటు వేశారు. కెంటకీ నుంచే ప్రతినిధుల సభలో ఉన్న థామస్ మాసీ కూడా. వాళ్లను మొండివాళ్లని మా బంధువుల్లోనే కొందరు తిట్టారు. 51–50తో సెనేట్ గట్టెక్కింది, జులై 4న సంతకం అయింది. ఆ రాత్రి బాణసంచా చూడటానికి మేమూ వెళ్లాం. నేను ఒక్క మాట అనలేదు.

నిజమైన కోత అదే నెలలో ఒకటి పడింది. రేడియో, టీవీ కేంద్రాలకు సర్కారు సొమ్ము పంచే ప్రజా ప్రసారాల సంస్థకు రాబోయే రెండేళ్లకు కేటాయించిన దాదాపు 110 కోట్ల డాలర్లను కాంగ్రెస్ వెనక్కి తీసుకుంది. దానికి నేను సంతోషించాను. పన్ను డబ్బుతో వార్తలు చదవడం తప్పని ఇప్పటికీ నా అభిప్రాయం. ఒక పక్కకు ఒరిగి చదివితే మరీ తప్పు. కానీ ఈ పుస్తకం ముందు పెట్టుకుని లెక్క వేస్తే చేయి ఆగింది. 2024 ఆర్థిక సంవత్సరంలో నికర వడ్డీ దాదాపు 88 వేల కోట్ల డాలర్లు. రక్షణ ఖర్చును మించిపోయింది. అంటే రోజుకు 240 కోట్లు. ఆ రేడియోలకు, టీవీలకు రెండేళ్లకు ఇవ్వవలసినదంతా కలిపినా పన్నెండు గంటల వడ్డీకి చాలదు. దాని మీద వారాల తరబడి చర్చలు నడిచాయి, మావాళ్ల ఛానెళ్లలోనూ, అవతలివాళ్ల వాటిలోనూ. వడ్డీ మీద ఏవి?

ఎడిసన్‌లో కారు నడపడం నేర్చుకున్న కొత్తలో నా ఇంగ్లీషు చెవికి పట్టించింది ఆ సర్కారు సొమ్ము రేడియోనే. అయినా కోత సరైనదే అంటాను. దానితో పని అయిపోయినట్టు పండగ చేసుకున్నాం చూడండి, అది మాత్రం సరి కాదు.

ఇప్పుడు అప్పు 38 లక్షల కోట్లు దాటింది. నాన్నగారు పోయి ఆరేళ్లు. ఆయన రాసిన పేజీలో ఏడు అంకెలు, తర్వాత చుక్కలు, మళ్లీ ఏడు అంకెలు, మళ్లీ చుక్కలు. పక్కన తారీఖు. దాని కింద ఈ రాత్రి నేను నా కలంతో 38 రాసి, పక్కన చుక్కలు పెట్టాను. అమ్మాయికి ఫోటో తీసి పంపాను. ఇంకా మేలుకొనే ఉంది. “తాతయ్య రాతా?” అని జవాబు వచ్చింది. పై రెండు వరుసలు తాతయ్యవి, కిందది నాది అన్నాను. సాయంత్రం కోత అని చదివిన ఆ ఛానెల్‌కు మూడు అంకెలు అడుగుతూ ఉత్తరం రాద్దామనుకుంటున్నానని చెప్పాను. “నువ్వు చూసే ఛానెల్‌కు కూడా రాస్తావా?” అని అడిగింది.

రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టుకున్నాను. పన్నెండు దాటింది.