భయపడే విశ్వాసులు

క్రైస్తవుల ఉపవాస కూటాల్లో భయం గురించి ఒక మాట తరచుగా వినిపిస్తుంది: భయపడేవాడిలో విశ్వాసం లేదని. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న మా తెలుగు సంఘంలోనూ, సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వైపు కూటాలకు వెళ్లినప్పుడూ, ఈ మాటను గొంతెత్తి చెప్పే ప్రసంగీకులను చాలామందిని విన్నాను. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు గాని, ఫలితం మాత్రం మంచిది కాదు. ఆపరేషనుకు వెళ్లవలసిన తల్లి, సూరత్‌కు పనికి పోయిన కొడుకు నుంచి ఫోను రాక నిద్రపట్టని తండ్రి, తమ దిగులును సంఘంలో చెప్పుకోలేక లోపలే దాచుకుంటారు. భయం ఎక్కడికీ పోదు, దానికి సిగ్గు కూడా తోడవుతుంది.

ఈ బోధకు ఆధారంగా తిమోతికి రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయంలోని ఏడవ వచనాన్ని చూపిస్తారు; దేవుడు మనకు పిరికితనంగల ఆత్మను ఇవ్వలేదని అక్కడ ఉన్నమాట నిజమే. అయితే ఎనిమిదవ వచనం కూడా చదవాలి. ఖైదీగా ఉండి ఈ పత్రిక రాసిన పౌలు, ప్రభువు సాక్ష్యం గురించి గాని తన గురించి గాని సిగ్గుపడవద్దనీ, సువార్త కోసం కలిగే శ్రమలో పాలుపంచుకొమ్మనీ అక్కడ తిమోతిని కోరుతున్నాడు. శ్రమ తప్పదని ముందే ఒప్పుకుని, దానికి వెనుదీయవద్దని చెప్పిన మాట అది. గుండె దడదడలాడకూడదనే ఆజ్ఞ కాదు. కొరింథీయుల దగ్గర తాను బలహీనతతోనూ భయంతోనూ ఎంతో వణకుతోనూ ఉన్నానని రాసుకున్నదీ ఈ పౌలే. దావీదు సంగతీ అంతే. గాతులో ఫిలిష్తీయుల చేతికి చిక్కినప్పటిదని శీర్షిక చెప్పే 56వ కీర్తనలో, భయం కలిగే రోజున నిన్నే ఆశ్రయిస్తానని మూడవ వచనంలో అంటాడు, భయపడనని నాలుగవ వచనంలో అంటాడు. ఒక మాట కోసం రెండవ మాటను కొట్టివేయవలసిన అవసరం ఆయనకు కనబడలేదు.

తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి మా అమ్మ ప్రార్థనకు కూర్చోకముందే రేషను కార్డు, ఆధార్ కార్డులు, నాన్నగారి పింఛను పుస్తకం ఒక పాలిథిన్ సంచిలో పెట్టి, దాన్ని బైబిలుతో కలిపి మరో సంచిలో చుట్టి, పురికొసతో కట్టి బీరువా మీద పెట్టింది. చేతులు వణకడం వల్ల మొదటి ముడి జారిపోయింది, మళ్లీ వేసింది. పక్కింటి పెంకులు లేచిపడుతున్న చప్పుడుకు ఆ ఇంటి ఒడియా అక్క పిల్లలను తీసుకుని మా ఇంట్లోకి వచ్చేసింది. "ప్రభువా, నాకు భయంగా ఉంది, మమ్మల్నందరినీ నువ్వే చూసుకో" అన్నదే అమ్మ చేసిన ప్రార్థన మొత్తం. అంతకంటే పొడవైన ప్రార్థనలు చేయగలిగిన మనిషే ఆవిడ.

అదే తుఫాను వర్షాలకు మా గజపతి జిల్లాలోని బారఘర గ్రామంలో, వానకు తలదాచుకున్నవారి మీద కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. ఆ వార్త తెలిశాక, మా విశ్వాసమే మమ్మల్ని కాపాడిందని సాక్ష్యం చెప్పడానికి నాకు నోరు రాలేదు. దేవుని మీద నమ్మకాన్ని కిస్తీలు కట్టిన బీమా పాలసీలా చూస్తే, చనిపోయినవారు కిస్తీ ఎగ్గొట్టారని అనవలసి వస్తుంది. బబులోనులో అగ్నిగుండం ఎదుట నిలబడిన షద్రకు, మేషాకు, అబేద్నెగోలు తమ దేవుడు రక్షించగలడని చెప్పి అక్కడితో ఆగలేదు. ఆయన రక్షించకపోయినా రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కబోమన్నారు. ఆ రెండవ మాటను వదిలేసిన ప్రసంగం మా ప్రాంతపు ప్రజలకు పనికిరాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ అక్టోబరు నెల ప్రతి ఏడూ వస్తుంది.

నేను ఎక్కువసార్లు చదువుకునేది అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం. పౌలును ఖైదీగా రోముకు తీసుకెళ్తూ, క్రేతు ద్వీపం పక్కగా వెళ్తుండగా ఊరకులోను అనే పెనుగాలికి చిక్కిన ఓడ కథ అది. ఆ ఓడలో 276 మంది ఉన్నారు. ఎన్నో రోజులు సూర్యుడూ నక్షత్రాలూ కనబడక, బతుకుతామనే ఆశ బొత్తిగా పోయిందని ఆ వృత్తాంతం రాసిన మనిషి తనను కూడా కలుపుకుని రాశాడు. పౌలు పక్కన ప్రయాణిస్తున్న విశ్వాసి ఆయన. ఆశ పోయిన సంగతిని దాచలేదు. దేవదూత పౌలుకు చెప్పిన మొదటి మాట కూడా భయపడవద్దనే, భయం లేనివాడికి ఆ మాటతో పనేమీ ఉండదు. ప్రాణనష్టం జరగదని వాగ్దానం దొరికిన తర్వాత పౌలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. నావికులు లంగరులు వేస్తున్నట్టు నటిస్తూ పడవలో పారిపోబోతే, వీరు ఓడలో ఉంటే తప్ప మీరు తప్పించుకోలేరని సైనికుల అధికారి అయిన శతాధిపతికి చెప్పాడు; సైనికులు పడవ తాళ్లు కోసేశారు. పద్నాలుగు రోజులుగా తిండి సరిగా తినని వారందరినీ బతిమాలి, తానే రొట్టె పట్టుకుని దేవునికి కృతజ్ఞతలు చెప్పి, విరిచి తిన్నాడు. ఆ తర్వాత గోధుమలను సముద్రంలో పారబోసి ఓడ బరువు తగ్గించారు. తెల్లవారాక ఈత వచ్చినవారు దూకి ఈదారు, రానివారు పలకలూ ఓడ చెక్కలూ పట్టుకుని మెలితే (నేటి మాల్టా) ద్వీపపు ఒడ్డుకు చేరారు.

హెచ్చరిక వచ్చినప్పుడు తుఫాను షెల్టరుకు వెళ్లడం అవిశ్వాసమని, ఇంట్లోనే ఉండి పాటలు పాడుకుందామని వాదించే యువకులు మా సంఘంలో ఇద్దరు ముగ్గురున్నారు. వారితో నేను గొడవపడను. ఈ అధ్యాయం మొదటి నుంచి చివరి వరకు గట్టిగా చదివి వినిపించమని మాత్రం అడుగుతాను. గోధుమలు పారబోసిన చోటికి వచ్చేసరికి వారిలో ఒకరైనా "మన బియ్యం బస్తా ఎక్కడ పెడదామండీ?" అని అడుగుతారు.