ఆశా దీదీ అడగాల్సిన ఇంకో ప్రశ్న

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఆశా దీదీ, అంటే ఆశా కార్యకర్త, పురిటింటికి వస్తే బిడ్డని తూస్తుంది, జ్వరం చూస్తుంది, పాలు సరిపోతున్నాయా అని అడుగుతుంది. ఆస్పత్రి కాన్పయితే 42 రోజుల్లో 6 సార్లు రావాలి. తల్లి మనసు ఎలా ఉందని మాత్రం మా చెల్లి పురిటప్పుడు ఎవరూ అడగలేదు. పాప నిద్రపోయినా తను కళ్లు మూసేది కాదు, గోడకేసి చూస్తూ ఉండేది. "పచ్చి బాలింతవి, ఏడిస్తే పాలు ఎండిపోతాయే" అని అమ్మ టెన్షన్. అమ్మది ప్రేమే. కానీ రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే అది డాక్టరు చూడాల్సిన జబ్బు. దానికి వైద్యం ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ప్రసవించినవాళ్లలో దాదాపు 13 శాతం మందికి మానసిక సమస్య, ముఖ్యంగా డిప్రెషన్. వర్ధమాన దేశాల్లో 19.8 శాతం. 2016 నుంచి మే మొదటి బుధవారాన్ని తల్లుల మానసిక ఆరోగ్య దినంగా జరుపుతున్నారు. ప్రభుత్వాలు దాన్ని అధికారికంగా గుర్తించాలి. అప్పుడైనా దీదీ ఫారంలోకి ఆ ప్రశ్న వస్తుందని నా ఆశ. బాలింత దిగులును పసిగట్టే ఎడిన్‌బరో స్కేలులో ఉన్నవి 10 ప్రశ్నలే. మా వైపు అవి ఒడియాలోనే కాదు, తెలుగులోనూ అడగాలి.

ఈలోగా మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్ 14416 ఉంది. ఉచితం, రాత్రయినా ఎత్తుతారు. బాలింత ఉన్న ఇంట్లో ఆ నంబరు గోడమీద రాసిపెట్టండి.