ముందు ఆయన్నే అడగాలి

గ్లాస్గోలో నా ఉద్యోగం డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోతూ వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళకు పనికొచ్చే పరికరాలు తయారు చెయ్యడం. వేళకు తెరుచుకునే మందుల డబ్బాలు, వెలిగించి మర్చిపోతే దానంతటదే ఆగిపోయే స్టవ్‌లు, ఏ వారమో ఏ పూటో పెద్ద అక్షరాల్లో చూపించే గడియారాలు. వాటిని వాడబోయేవాళ్ళే మాతో కూర్చుని డిజైన్ చేస్తారు. స్కాట్లండ్‌లో ఇది కొత్తేమీ కాదు. డిమెన్షియా ఉన్నవాళ్ళే నడుపుకునే స్కాటిష్ డిమెన్షియా వర్కింగ్ గ్రూప్ అక్కడ 2002లోనే మొదలైంది.

మా మీటింగులు చిన్నవి. ప్రతిసారీ అదే గది, అవే ముఖాలు, మధ్యలో టీ. పాల్గొనడం ఇష్టమేనా అని వచ్చిన ప్రతిసారీ మళ్ళీ అడుగుతాం. మొన్న సరే అన్నారు కదా అని ఈరోజు వాళ్ళ తరఫున మేం అనేసుకోకూడదు. అట్టముక్కలతో చేసిన నమూనాలు చేతికిస్తే తప్పులు వాళ్ళే పట్టేస్తారు. బటన్ మీద బొమ్మ ఒక్కటే చాలదు, పక్కన మాట కూడా ఉండాలంటారు. గుమ్మం దగ్గర నల్లటి డోర్‌మ్యాట్ వేస్తే కొందరికి అది గొయ్యిలా కనిపిస్తుంది. డాక్టరేట్లు ఉన్నవాళ్ళం, మాకు తట్టదది.

సెలవుకి విశాఖ వచ్చాను. గాజువాకలో ఉండే మా పెదనాన్న స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైర్ అయ్యారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే చాలు, ఇంట్లో అందరికీ టెన్షన్. "బి షిఫ్ట్‌కి టైమైపోతోంది" అంటూ చొక్కా వేసుకుంటారు. "మీరు రిటైర్ అయిపోయారు కదండీ" అని పెద్దమ్మ చెప్పిన ప్రతిసారీ ఆ మాట ఆయనకి కొత్తగానే తగులుతుంది. తలుపుకి అలారం, జేబులో జీపీఎస్ పెట్టిద్దామని అన్నయ్య.

మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఒక అంచనా. వాళ్ళలో చాలామంది ఇలా నిండు ఇళ్ళల్లోనే ఉంటారు. ఆయనకేం కావాలో అడిగితే కొడుకు చెప్తాడు, కోడలు చెప్తుంది, పక్కింటావిడ కూడా చెప్తుంది. ప్రేమతోనే చెప్తారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ జవాబు చెప్పాల్సింది ఆయన.

పొద్దున్న, ఆయన మనసు తేటగా ఉండే వేళ చూసి పక్కన కూర్చున్నాను. మేం చేసే గడియారం బొమ్మ చూపించాను: "మంగళవారం, మధ్యాహ్నం" అని ఉంది. కాసేపు చూసి, "టైమెంతో నాకు తెలుసమ్మా. డ్యూటీ ఉందో లేదో చెప్పమను" అన్నారు.

నిజమే, ఆయనకి టైము తెలుసు. ఏళ్ళ తరబడి షిఫ్టులు చేసిన మనిషి. ఆయన అడగని ప్రశ్నకి మా గడియారం అంత పెద్ద అక్షరాల్లో జవాబు చెప్తోంది! ఒక అట్ట మీద "ఈరోజు డ్యూటీ లేదు" అని రాసి ఆయనకిచ్చాను. చెప్పుల స్టాండ్ పైన కట్టమన్నారు. గోడ మీద కాదు, బయటికి వెళ్ళేటప్పుడు తన చూపు పడేది అక్కడేనట. ఆ అట్ట రోజూ పని చెయ్యట్లేదు. కొన్ని రోజులు మాత్రం అది చదివి చొక్కా విప్పేసి కూర్చుంటున్నారు.

జీపీఎస్ సంగతి కూడా ఆయన్నే అడగమని అన్నయ్యతో అన్నాను. అలారం వద్దన్నారు. జేబులో పెట్టుకోడానికి ఒప్పుకున్నారు, కానీ ఒక షరతు: "ఎక్కడికెళ్ళానో మీ అమ్మకి తెలిస్తే చాలు. ఊరందరికీ అక్కర్లేదు." పెద్దమ్మ దగ్గరున్నది బటన్ల ఫోను, అందులో మ్యాపులు రావు. ఆవిడకి అర్థమయ్యేలా తెలుగులో, "బస్టాప్ దగ్గర ఉన్నారు" అన్నంత చిన్న మెసేజ్ వెళ్ళాలి. నేను తిరిగి వెళ్ళేలోపు అది కుదిర్చే పనిలోనే ఉన్నాం అన్నయ్యా నేనూ.