పైన 52, అడుగున 38: పామాయిల్ ట్యాంకులో సర్క్యులేషన్

ఇండోనేసియా, మలేసియాల నుంచి కాకినాడ, కృష్ణపట్నం రేవులకు ఓడల్లో వచ్చే పామాయిల్‌కి ఫోస్ఫా (నూనెల వర్తకుల అంతర్జాతీయ సంఘం) పెట్టిన లెక్క ఇది: దారిలో 32–40 డిగ్రీలు, దింపేటప్పుడు 50–55. రోజుకు 5 డిగ్రీలకు మించి పెంచకూడదు. అంటే 35కి దిగిపోయిన నూనెను 50కి తేవాలంటే మూడు రోజులు కావాలి. ఇంత దగ్గరి ప్రయాణంలో ఆ మూడు రోజులు ఎక్కడ దొరుకుతాయి? మొదట్నుంచీ 40కి దగ్గర్లో నిలబెట్టుకోవడమే మేలు.

కాయిల్స్ (నూనెను వేడిచేసే స్టీమ్ పైపులు) ఎలాగూ ట్యాంకు అడుగునే ఉన్నాయి, వేడెక్కిన నూనె పైకి లేచి అదే కలుస్తుందిలే అనుకుంటారు. నూనె పల్చగా ఉన్నంతసేపూ అది నిజమే. స్టియరిన్, అంటే పామాయిల్‌లో త్వరగా గడ్డకట్టే భాగం, అడుక్కి దిగి పేరుకుందంటే మాత్రం పేరిన నెయ్యిలాగా ఉన్నచోటే ఉంటుంది. కాయిల్‌ని అంటుకున్న నూనె మాడి రంగు తిరుగుతుంది, మూలల్లో ముద్ద కరగనే కరగదు. పైన 52, మధ్యలో 50, అడుగున 38 ఉన్నా సగటు దాదాపు 47 వస్తుంది. ఆ సగటును నమ్మకండి, మూడు రీడింగులూ విడివిడిగా రాసుకోండి. తూకం లెక్కకూ ఇది ముఖ్యమే: ఒక్క డిగ్రీ తప్పితే వెయ్యి టన్నులకు సుమారు ముప్పావు టన్ను తేడా.

పైనా అడుగునా వేడి సమానం కావాలంటే సర్క్యులేషన్ చేయాలి, అంటే నూనెను పంపుతో లాగి మళ్లీ అదే ట్యాంకులో పోసి కలపాలి. కానీ అడుగు ముద్దగా ఉండగా పంపు తిప్పొద్దు. సంపులోకి (పంపు నూనె లాగే అడుగు గుంటలోకి) నూనె అందక పంపు ఖాళీగా తిరుగుతుంది. ముందు కాయిల్స్‌లో నిలిచిన నీళ్లు డ్రెయిన్ చేసి, స్టీమ్ మెల్లగా వదలండి. ఒక్కసారిగా తెరిస్తే పైపులు దడదడలాడతాయి. గేజి మీద 1.5 బార్ దాటకూడదు. అడుగు రీడింగు 40 దాటాక డీప్‌వెల్ పంపును (ట్యాంకు అడుగున మునిగి ఉండే పంపు) తక్కువ వేగంతో మొదలుపెట్టి, డ్రాప్ లైన్ (డెక్ మీంచి ట్యాంకులోకి దిగే పైపు) ద్వారా అదే ట్యాంకులోకి తిప్పండి. మేనిఫోల్డ్ (రేవు హోసు తగిలించే చోటు) వాల్వులు, పక్క ట్యాంకుల వాల్వులు మూసి ఉన్నాయో లేదో చేత్తో తిప్పి చూడాలి, పక్క ట్యాంకులోని ఓలీన్‌లో (పామాయిల్ నుంచి వేరుచేసిన పల్చటి నూనె) ముడి నూనె కలిసిందంటే ఆ సరుకు పోయినట్టే.

డ్రాప్ లైన్ మూతి అడుగు దాకా దిగి ఉండాలి, అదీ పంపుకు దూరంగా. దగ్గరగా ఉంటే పోసిన నూనెనే పంపు మళ్లీ లాగేస్తుంది, అవతలి కొసకు చలనమే ఉండదు. పైనుంచి జల్లులా పోస్తే గాలి కలిసి నూనె ఆక్సీకరణ చెందుతుంది. ట్యాంకు కడిగే మెషీన్ల గుండా తిప్పే అలవాటు నాకు నచ్చనిది అందుకే.

పై, అడుగు రీడింగుల తేడా రెండు మూడు డిగ్రీల లోపుకొస్తే చాలు, పంపు ఆపేయొచ్చు. ఆపిన వెంటనే డెక్ లైన్‌ని (డెక్ మీది నూనె పైపు) నైట్రోజన్‌తో ఊది ఖాళీ చేయండి. లేదంటే రాత్రికి రాత్రి అందులోనే గడ్డకట్టి, రేవులో హోసు తగిలించాక చుక్క కదలదు.