కొమ్ముల కంటే ముందు మాంసం

సెప్టెంబరులో మూస్ దుప్పి వేటకు వెళ్తున్నాం, నేనూ నా మిత్రుడూ. అలాస్కాకు వచ్చి ఎనిమిదేళ్లయినా ఇదే నా మొదటి వేట. ఆరు నెలలుగా పటాలూ నిబంధనలూ చదువుతున్నాను. చదివేకొద్దీ ఈ అడవి మీద గౌరవం పెరుగుతోంది. చిన్న విమానంలో దిగిన రోజే తుపాకీ పేల్చకూడదు. మర్నాడు తెల్లవారుజామున 3 గంటలు దాటాలి. చాలా ప్రాంతాల్లో కొమ్ముల వెడల్పుకు కనీసం 50 అంగుళాల కొలత ఉంది. హాలు గోడ మీద అంత పొడవు గీత గీసి, దూరం నుంచి చూస్తూ కంటికి అలవాటు చేసుకుంటున్నాను.

“ఏమండీ, అంత మాంసం ఎవరు మోస్తారు?” అంది మా ఆవిడ. అసలు ప్రశ్న అదే. పెద్ద మగ మూస్ నుంచి 200 కిలోలకు పైగా మాంసం వస్తుంది. తినదగినదంతా బయటికి తేవాల్సిందే. మాంసం కంటే ముందు కొమ్ములు తేవడం నేరం. ఈ నియమం నాకెంతో నచ్చింది. అందుకే మాంసం మోసే దూరం తగ్గేలా, అక్కడి నదికి కిలోమీటరు దాటి వేటాడకూడదని నిర్ణయించుకున్నాం.

నిన్న బియ్యం బస్తా వీపుకు కట్టుకుని ఇంటి వెనుక కొండెక్కాను. పట్టీ ఒరుసుకుని భుజం కందిపోయింది. రేపు మరో ఐదు కిలోలు కలిపి ఎక్కుతాను.