ఒక్క తెలుగు మాట, 54 పిక్సెల్స్

డెస్క్‌టాప్ కోసం కట్టిన సైటుని ఫోన్‌కి సర్దే పని నిన్న రాత్రికి తెమిలింది. పేజీని తెర వెడల్పుకి సరిపెట్టమని బ్రౌజర్‌కి చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ ఒక్క లైను; అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ పేజీని 980 పిక్సెల్స్ వెడల్పున గీసి, కుదించి చూపిస్తుంది. బొమ్మలకి మ్యాక్స్-విడ్త్ 100%, హైట్ ఆటో. అక్కడిదాకా అంతా సాఫీ.

ప్రాణం తీసింది పేజీ పక్కకి ఊగడం. 360 పిక్సెల్స్ తెర మీద వేలితో తోస్తే మొత్తం జరిగి, కుడివైపు తెల్లటి పట్టీ. క్లయింటు ఏమీ అనకుండా నా ఎదురుగానే నాలుగుసార్లు ఊపి చూపించారు.

ఒక సీనియర్ ఇచ్చిన సలహా: బయటి డివ్‌కి, అంటే పేజీని చుట్టిన డబ్బాకి, పక్కకి పొంగింది దాచేసే ఓవర్‌ఫ్లో-ఎక్స్ హిడెన్ కొట్టెయ్. కొట్టాను. ఊగడం ఆగింది, పైన అంటుకుని ఉండాల్సిన స్టికీ హెడర్ కూడా స్క్రోల్‌తో పాటు వెళ్లిపోయింది. శీర్షిక చివరి అక్షరాలు తెగిపోయాయి. గోడ పగులుకి క్యాలెండర్ తగిలించడం అంటే ఇదే.

దొంగని పట్టాలంటే అన్ని ఎలిమెంట్లకీ 1 పిక్సెల్ ఎర్ర అవుట్‌లైన్ పెట్టండి. బోర్డర్ వద్దు, అది కొలతలు మార్చేస్తుంది. దొరికింది ‘ఉత్తమోపాధ్యాయపురస్కారగ్రహీతలు’ అన్న శీర్షిక. అంచులకి 16 చొప్పున పోగా 328; ఫొటోకి 96, సందుకి 12; మిగిలింది 220. 28 పిక్సెల్స్ అక్షరాల్లో ఆ మాటకి కావాల్సింది 290. 70 ఎక్కువ; కుడి అంచు 16 మింగినా తెర దాటి 54 బయటికి.

పట్టని మాటని విరవమనే ఓవర్‌ఫ్లో-ర్యాప్ బ్రేక్-వర్డ్ అప్పటికే ఉంది, అయినా మాట విరగలేదు. గంటన్నర బుర్ర తిన్నది ఇదే. ఫొటోనీ శీర్షికనీ పక్కపక్కన పేర్చింది ఫ్లెక్స్‌తో. అలా పేర్చిన ఫ్లెక్స్ ఐటమ్‌కి మిన్-విడ్త్, అంటే కనీస వెడల్పు, మామూలుగా ఆటో. అంటే అతి పొడుగు మాట కంటే సన్నబడనంటుంది. ఆ లెక్కలో బ్రేక్-వర్డ్‌ని పట్టించుకోదు, ‘ఎనీవేర్’ అని రాస్తే పట్టించుకుంటుంది. లేదా ఐటమ్‌కి మిన్-విడ్త్ 0 ఇవ్వాలి. గళ్లుగా పేర్చే గ్రిడ్‌లోనూ ఇదే రోగం: మిగిలిన చోటులో ఒక వాటా అనే 1ఎఫ్ఆర్ బదులు మిన్‌మ్యాక్స్(0, 1ఎఫ్ఆర్).

కాకపోతే బ్రౌజర్ ఎక్కడపడితే అక్కడ విరిస్తే చదవలేం. అందుకే ‘ఉత్తమోపాధ్యాయ’ తర్వాత చేత్తో ‘ఇక్కడ విరవొచ్చు’ అని చెప్పే డబ్ల్యూబీఆర్ ట్యాగ్ పెట్టాను. లైన్-హైట్ 1.2 నుంచి 1.6కి పెంచాను, ఇంగ్లిష్ టెంప్లేట్లు చేసేవాళ్లకి వత్తులు కింది లైను గుడుల్ని గుద్దుకుంటాయని ఎవరు చెప్పాలి! ఫారంలో ఇన్‌పుట్ అక్షరాలు 16 పిక్సెల్స్ కంటే తగ్గించకండి, ఐఫోన్ తాకగానే జూమ్ అయిపోతుంది.

సీనియర్ గారి హిడెన్ లైను తీసేశాను. హెడర్ మళ్లీ పైన అంటుకుంది.