తలుపు తట్టేది రామ్ బ్రోర్

మన శివరాత్రి చతుర్దశి నాడు. కాశ్మీరీ పండిట్లు ఒకరోజు ముందే, త్రయోదశి రాత్రి చేసుకుంటారు. వాళ్ల భాషలో హేరథ్. చాలా ఇళ్లలో ఆ రాత్రి చేపలు, మాంసం వండి వటుక భైరవుడికి నైవేద్యం పెడతారు, శాకాహారంతో చేసే ఇళ్లూ ఉన్నాయనుకోండి. మొదటిసారి విన్నప్పుడు శివరాత్రికి చేపలేమిటని నోటిదాకా వచ్చింది గానీ, మన శ్రీకాళహస్తి కన్నప్ప గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇవన్నీ నాకు చెప్పింది మా ఎదురు ఫ్లాట్ ఆంటీ. పుట్టింది, మెట్టింది శ్రీనగర్లోనే. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక్కతే ఉంటుంది, పిల్లలు విదేశాల్లో.

పూజ పేరు వటుక్. గడ్డితో పేనిన కుదుళ్ల మీద ఒక పెద్ద కుండ, చుట్టూ చిన్న కుండలు, ముంతలు పెట్టి, నీళ్లు పోసి, అక్రోట్ కాయలు వేస్తారు. అది శివపార్వతుల పెళ్లి. ఆ కుండలే పెళ్లికొడుకు, పెళ్లికూతురు, భైరవుడు, వెంట వచ్చిన ఋషులు. మన పెళ్లిళ్లలో ఐరేణి కుండలు చూసినవాళ్లకి ఇది కొత్తగా ఏమీ అనిపించదు. నీళ్లలో నానిన ఆ అక్రోట్లే అమావాస్య తర్వాత అందరికీ పంచే ప్రసాదం. పగలగొడితే లోపల గుజ్జు నాలుగు పాయలుగా ఉంటుంది, నాలుగు వేదాలని చెబుతారు.

హేరథ్ మర్నాటిని సలాం అంటారు. పేరులోనే ఉంది చూడండి, ఆ రోజు ముస్లిం ఇరుగుపొరుగువాళ్లు వచ్చి పండగ శుభాకాంక్షలు చెప్పేవాళ్లు. పిల్లలకి పెద్దవాళ్లు హేరథ్ ఖర్చని డబ్బులిచ్చేవాళ్లు, బయట మంచు, ఇంట్లో గవ్వలాట. ఆ మంచు మీద ఒక కథ ఉంది. అఫ్ఘాన్ల ఏలుబడిలో జబ్బార్ ఖాన్ అనే సుబేదారు, అంటే గవర్నరు, శివరాత్రికి మంచు పడి తీరుతుందని పండిట్లు అంటుంటే విని, అయితే ఈసారి ఆషాఢంలో చేయండి చూద్దామన్నాడట. చేశారు. మండు వేసవిలో మంచు కురిసిందట. వేసవిని కూడా చలికాలం చేశాడు ఈ జబ్బారుగాడు అని ఇప్పటికీ సామెతగా చెప్పుకుని నవ్వుకుంటారు. నిజంగా కురిసిందా అని నేను అడగలేదు. పండగ తేదీ కూడా తమ చేతిలో లేని జనం చెప్పుకునే కథ అది, నాకు అర్థమైంది అంతవరకే.

కాశ్మీర్ నుంచి పండిట్లని వెళ్లగొట్టడం 1990లో మొదలైంది కాదు. 14వ శతాబ్దం చివర, 15వ శతాబ్దం మొదట్లో సుల్తాన్ సికందర్ కాలంలో గుళ్లు కూలాయి, ఎంతోమంది మతం మారారు, మిగిలినవాళ్లు కొండలు దాటి పోయారు. పదకొండు ఇళ్లే మిగిలాయని పండిట్లలో తరతరాల మాట. ఆయన కొడుకు జైనుల్ ఆబిదీన్ మాత్రం వాళ్లని వెనక్కి పిలిచి, కొలువులిచ్చి, గుళ్లు బాగు చేయించాడు, అందుకే ఆయన్ని పండిట్లు కూడా బడ్ షా అంటే పెద్ద రాజు అని తలుచుకుంటారు.

1989 సెప్టెంబర్ 14న పండిట్ల నాయకుడు, న్యాయవాది టికా లాల్ టప్లూని శ్రీనగర్లో మిలిటెంట్లు కాల్చి చంపారు. నవంబర్లో రిటైర్డ్ జడ్జి నీలకంఠ గంజూని. 1990 జనవరి 19 రాత్రి మసీదు మైకుల్లో నినాదాలు, ఇళ్లలో దీపాలార్పి పిల్లల నోళ్లు మూసి కూర్చున్న తల్లులు. వెళ్లిపొమ్మని తలుపులకి కాగితాలు అంటించారు. ఆ తర్వాత నెల తిరిగేసరికి శివరాత్రి. చాలామందికి ఆ ఏడు హేరథ్ జమ్మూలో, తెలిసినవాళ్ల గదుల్లో, సత్రాల్లో. తర్వాత ముఠీ, పుర్ఖూ, మిశ్రీవాలా క్యాంపుల్లో గుడారాలు, ఒంటి గది ఇళ్లు, చలిదేశం నుంచి వచ్చినవాళ్లకి జమ్మూ ఎండలు, పాములు. వాళ్ల కోసం కట్టిన జగ్తీ టౌన్‌షిప్ వచ్చేసరికి 2011. ప్రభుత్వం 2010లో చెప్పిన లెక్కలో చనిపోయిన పండిట్లు 219 మంది, పండిట్ సంఘాలు అంతకంటే ఎక్కువంటాయి. ఆ ఏళ్లలో ముస్లింలూ చాలామందే చచ్చిపోయారు, అది చెప్పినంత మాత్రాన వీళ్ల బాధ తగ్గదు, చెప్పకపోతే పెరగదు.

మనం చిన్నప్పుడు పలక పట్టుకుని చదివిన శ్లోకం, 'నమస్తే శారదే దేవి కాశ్మీరపురవాసిని'. నేనెన్నోసార్లు చదివాను గానీ ఆ నాలుగో మాట దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ఆ ఊళ్లో ఉండే తల్లీ అని కదా. ఆ శారద గుడి కిషన్‌గంగా ఒడ్డున, ఇప్పుడు పాకిస్తాన్ అధీనంలో ఉన్న వైపు, శిథిలంగా ఉంది. అమ్మవారికే ఊళ్లో ఇల్లు లేదు.

సరే, తలుపు సంగతికి వస్తాను. అమావాస్య సాయంత్రం కుండల్లోని పూలు, నీళ్లు వితస్త నదిలో, అంటే జీలంలో, వదిలి, అక్రోట్లు కడుక్కుని ఇంటికొస్తారు. తలుపు వేసి ఉంటుంది. తడతారు.

లోపలి నుంచి, "ఎవరు?"

"రామ్ బ్రోర్."

రాముడి పిల్లి అని. ఎందుకు పిల్లి అంటే ఆంటీ కూడా నవ్వేసింది, మా అమ్మమ్మ అనేది, మేం అంటున్నాం అంతే అంది.

"ఏం తెచ్చావ్?"

"అన్నం, ధనం, ఆరోగ్యం, దోర్ కొఠ్..." ఇలా చెబితేనే తలుపు తీస్తారు. దోర్ కొఠ్ అంటే గట్టి మోకాళ్లు.

నాకు ఈ తంతు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఏ తలుపు చప్పుడుకి ఊపిరి బిగబట్టారో, ఏ తలుపుకి కాగితం అంటించారో, అదే తలుపు దగ్గర ఏటా నిలబడి ఎవరూ అని అడుగుతారు, జవాబు ఏమొస్తుందో తెలిసీ అడుగుతారు. గుడారానికి తలుపు కూడా ఉండదు, అక్కడ గుడ్డ పరదా బయట నుంచి నోటితోనే ఠక్ ఠక్ అనేవాళ్లమని ఆంటీ చెప్పింది.

కాశ్మీరీలో లల్లేశ్వరి వాక్కు ఒకటి ఉంది. శివుడు అంతటా ఉన్నాడు, హిందువనీ ముసల్మాననీ వేరు చేయకు అని. 14వ శతాబ్దపు ఆ శివయోగిని మాటలు రెండు మతాలవాళ్లకీ కంఠతా వచ్చు. ఆంటీ కూడా చదివి వినిపించింది. చదవడం అయ్యాక కాసేపు ఏమీ మాట్లాడలేదు.

పోయినేడు అమావాస్య నాడు కుళాయి కిందే నీళ్లు వదిలేసి, మెట్ల దగ్గర నన్ను పిలిచింది. బేటా, లోపల నిలబడేవాళ్లు ఎవరూ లేరు, నువ్వు నిలబడతావా అంది. నేను వాళ్లింట్లోకి వెళ్లి తలుపేసుకున్నాను. మాటలు అరచేతిలో రాసుకున్నా, టెన్షన్‌గా ఉంది. ఠక్ ఠక్ మంది.

"కుస్ ఛువ్?"

నా యాసకి బయట నవ్వు వినిపించింది. రామ్ బ్రోర్ అంది. ఏం తెచ్చావని అడిగాను. అన్నం, ధనం, ఆరోగ్యం అన్నీ అయ్యాక చివర దోర్ కొఠ్ దగ్గర మాత్రం గొంతు కాస్త పెంచింది, మోకాళ్ల నొప్పులతో ఆవిడ రెండేళ్లుగా కర్ర పట్టుకునే నడుస్తోంది. గడియ తీశాను.